ఎక్స్ ఎమ్మెల్యే గారి స్కీము

“టీ ఉంటే?” అన్నారాయన.

“బిస్కత్తు ఉండాలి” అన్నాను నేను.

“లేకపోతే?”

“లేకపోతే నోరు మూసుకుని పడుకోండి. నర్సమ్మగారు విన్నారంటే ఇద్దరికీ పడతాయి.”

మా ఇద్దరి మధ్యా నడిచిన ఆఖరి మాటలు ఇవే. నేను ఫ్లాస్కు పట్టుకుని ఆసుపత్రి గేటు దగ్గరున్న బడ్డీకొట్టుకి వెళ్ళి, టీ పోయించుకుని, రెండు బిస్కత్తులు కొంగున కట్టుకుని తిరిగొచ్చేసరికి మావారు లేరు. మంచం మీద మనిషి ఉన్నాడు గాని ఆయన లేరు. ఇరవై ఏళ్ళ పైచిలుకు కాపురం చేసిన మనిషితో ఆఖరికి అన్న మాట ‘నోరు మూసుకుని పడుకోండి’ అయిందే అని చాన్నాళ్ళు తల బాదుకున్నాను. తరవాత ఇంకో దిగులు పట్టుకుంది. ఆయన అడిగిన ‘లేకపోతే?’కి జవాబు ఒకటుంది. అది నాకు తెలుసు, నాకు తెలుసని ఆయనకీ తెలుసు. ఫ్లాస్కు మూత కనపడక వెతుక్కుంటున్న హడావిడిలో చెప్పలేదు, అంతే. ఆ జవాబు ఎక్కడ పుట్టిందో చెప్పాలంటే మేడమీద నేను చేసిన ఘనకార్యం మొత్తం చెప్పాలి. (చెబుతున్నది నేను, కంప్యూటర్లో కొట్టి రాస్తున్నది మా అన్నయ్య కూతురు బుజ్జి. నేను మూడో తరగతితో ఆపేశాను. సంతకం పెడతాను, బస్సు బోర్డు చదువుతాను, అంతకుమించి అక్షరాలు చీమల్లా పాకిపోతాయి. నా గొంతు వింటుంటే కొబ్బరి పీచుతో గిన్నె తోముతున్నట్టుందని ఇది నవ్వుతోంది. అది కూడా రాశావా బుజ్జీ? సరే, ఉండనీ.)

ఆ రోజుల్లో కంప్యూటరంటే మాకు ఎంత భయమో ఇప్పటి పిల్లలకి చెబితే నమ్మరు. ఇప్పుడు పసిపిల్ల కూడా ఫోను గీకుతోంది గాని, అప్పుడు అమలాపురంలో బట్టలకొట్టు మీది మేడలో పన్నెండు కంప్యూటర్లు పెడితే, ఆ గదిలోకి చెప్పులు విప్పి, కాళ్ళు తుడుచుకుని, గొంతు తగ్గించుకుని వెళ్ళేవాళ్ళం. నేనక్కడ ఆయాని. గది ఊడవడం, కూజాలు నింపడం, పదకొండింటికోసారి నాలుగింటికోసారి టీ పెట్టడం నా పని. అంతకుముందు మా ఊరి దగ్గర కొబ్బరి పీచు తీసే షెడ్డులో చేసేదాన్ని. మాది పి.గన్నవరం అవతల. ఆ షెడ్డులో పొద్దస్తమానం దుమ్ము మింగీ మింగీ పద్దెనిమిదేళ్ళకే గొంతు ఇలా అయింది. అలాంటిదాన్ని చల్లటి గదిలో, ఫ్యాను కింద, ఇస్త్రీ చీరలు కట్టుకున్న అమ్మాయిల మధ్య తిరుగుతున్నానంటే మా ఊళ్ళో నేను చిన్న కలెక్టర్ని. పొద్దున్నే మొదటి బస్సెక్కి, టిఫిను క్యారేజీ ఒళ్ళో పెట్టుకుని, కిటికీ పక్కన కూర్చుని వచ్చేదాన్ని. మళ్ళీ ఆ పీచు షెడ్డు మొహం చూడకుండా ఉంటే చాలు, ఇంకేం వద్దని రోజూ అనుకునేదాన్ని.

ఆ మేడమీద చేసే పనేమిటంటే, ఏదో పైదేశంలో చర్చిల్లో రాసుకున్న పాత పుస్తకాలకి ఫొటోలు తీసి పంపేవాళ్ళు. ఎవరెప్పుడు పుట్టారు, ఎవరికి బాప్తిస్మం ఇచ్చారు, ఎవరు పోయారు, అన్నీ. నూరేళ్ళ కిందట చచ్చిపోయిన దొరలనీ దొరసానులనీ మా అమలాపురం అమ్మాయిలు కూర్చుని టకటకా కొట్టేవాళ్ళు. ఊరికే కొట్టడం కాదు. ప్రతి మాటకీ ముందొక కొక్కెం, వెనకొక కొక్కెం. ‘పేరు’ అని ఒక కొక్కేల జత, మధ్యలో పేరు. ‘ఊరు’ అని ఇంకో జత, మధ్యలో ఊరు. మేకలకి మెడలో చెక్క కట్టినట్టు ఏది ఏమిటో తెలియడానికట. ఈ కొక్కేల రాతకి ఒక పేరుంది. నేను చేరిన మొదటి రోజే విన్నాను. “ఎక్సెమ్మెల్ ఫైలు ఇంకా అవలేదా?” అని ఒకమ్మాయిని ఒకమ్మాయి అడుగుతోంది. నాకు ‘ఎక్స్ ఎమ్మెల్యే ఫైలు’ అని వినపడింది. ఓహో, ఈ మేడ ఎవరో ఎక్స్ ఎమ్మెల్యేగారిది కాబోలు అనుకున్నాను. (మా వైపు పెద్ద మేడ కనపడితే అది ఎక్స్ ఎమ్మెల్యేది కాకపోతేనే అడగాలి, అయితే అడగక్కర్లేదు.) ఆ తరవాత ఎవరేమన్నా నా అనుమానం గట్టిపడటమే గాని సడలడం లేదు. “ఎక్సెమ్మెల్ మహా స్ట్రిక్టే బాబూ, ఒక్క కొక్కెం మర్చిపోయినా ఊరుకోదు” అనేవాళ్ళు. ‘ఊరుకోదు’ అంటున్నారంటే ఆడ ఎమ్మెల్యే అయి ఉంటుందనుకుని సరిపెట్టుకున్నాను.

ఆ గదికి పెద్ద, కొత్తపేట నుంచి వచ్చే ఒకాయన. సోడాబుడ్డి కళ్ళద్దాలు. ఎవరికీ పాఠం చెప్పకపోయినా అందరూ అద్దాల మాస్టారనేవాళ్ళు. ఒకనాడు టీ ఇవ్వడానికి వెళితే ఆయన ముందున్న తెర మీద ఒక వరస కింద ఎర్ర గీత కనపడింది. నా నోరు ఊరుకోదు.

“ఆ ఎర్ర గీత ఏంటండీ? తెగిందాండీ?”

“తెగలేదమ్మా. తప్పుందని కంప్యూటరు చెబుతోంది. దీనికి స్కీమా అని ఒకటుంటుంది. అందులో షరతులు రాసిపెడతాం. ఈవిడకి పెళ్ళయిందని ఉంటే, భర్త పేరు ఉండాలి. లేకపోతే ఉండకూడదు. షరతు తప్పితే ఎర్ర గీత, సరిపోతే పచ్చ టిక్కు.”

“ఆయ్. స్కీమండీ.”

“స్కీము కాదు, స్కీమా.”

“అదేనండీ స్కీము. తెల్ల కార్డు ఉంటే బియ్యం ఉండాలి, లేకపోతే ఉండకూడదు. గులాబీ కార్డోళ్ళు వరసలో నిలబడితే డీలరుగారు పేరు కొట్టేస్తారు కదండీ, అలాగే కదండీ?”

ఆయన అద్దాలు తీశారు. తుడిచారు. పెట్టుకున్నారు. “అచ్చం అలాగే” అన్నారు. “మా అమ్మాయిలకి వారం రోజులు బోర్డు మీద రాసి చెప్పినా ఎక్కలేదు. నీకు టీ చల్లారే లోపల ఎక్కింది.” ఆ రోజునుంచి నేను టీ తెచ్చినప్పుడల్లా “టీ ఉంటే?” అని అడిగేవారు. నేను “బిస్కత్తు ఉండాలండీ” అనాలి. “లేకపోతే?” అంటే “ఎర్ర గీతండీ” అనాలి. అందరూ నవ్వేవాళ్ళు. నా పళ్ళెంలో బిస్కత్తు ఏ రోజూ మర్చిపోలేదు.

ఇలా ఉండగా మా మేడకి గండం వచ్చింది. మేం కొట్టి పంపిన మొదటి కట్ట పైదేశం నుంచి వెనక్కి తిరిగొచ్చింది. ‘మీ ఫైళ్ళలో పేర్లు పోతున్నాయి, వెతికి సరిచేసి పంపండి’ అని వాళ్ళ మాట. ఈ పని మాకు తెచ్చిపెట్టేది హైదరాబాదులో ఉండే ఒకాయన. ఎండాకాలం నడినెత్తిన కూడా టై కట్టుకునే ఉంటాడని అమ్మాయిలు ఆయనకి టై బాబు అని పేరు పెట్టారు. టై బాబు ఫోను చేసి, “శుక్రవారం నేనే వస్తున్నాను. ఆ సాయంత్రానికి మళ్ళీ పంపాలి. ఈసారీ తిరిగొచ్చిందంటే మేడ ఖాళీ చేసేయడమే” అన్నాడు. అమ్మాయిలందరి మొహాలూ వాడిపోయాయి. వాళ్ళకి ఇంకోచోట ఇంకోటి దొరుకుతుంది, చదువుకున్నవాళ్ళు. నాకు మాత్రం కళ్ళముందు పీచు షెడ్డు, దాని రేకుల తలుపు, లోపల నిలబడ్డ దుమ్మూ కనపడ్డాయి. అద్దాల మాస్టారు తిండి మానేసి పుట్టుకల పుస్తకాలన్నీ ఫొటోలతో పోల్చి చూశారు, చావుల పుస్తకాల దాకా ఇంకా వెళ్ళనే లేదు. ఒక్క పేరూ పోలేదు. ఎటు చూసినా కంప్యూటరు పచ్చ టిక్కు పెట్టేసి కూర్చుంది. “స్కీమా బాగానే ఉందంటోంది, వాళ్ళేమో పేర్లు పోయేయంటున్నారు. ఎక్కడికి పోయేయి?” అని తనలో తనే అనుకునేవారు.

బుధవారం నాలుగింటికి టీలు పంచుతుంటే ఇద్దరు అమ్మాయిలు గుసగుసలాడుకుంటున్నారు. అందులో ఒకమ్మాయి చెయ్యి మహా వేగం. దాన్ని అందరం టపటప అని పిలిచేవాళ్ళం. రెండో అమ్మాయి అడుగుతోంది: “ఎక్సెమ్మెల్ స్కీమాలో విడోలకి ఏవుందో మాస్టార్ని అడుగుదామా?” టపటప అంది: “వద్దే, ఆయన బుర్ర అసలే వేడెక్కి ఉంది. విడోలొస్తే నేను చూసుకుంటాగా.”

చెవిలో పడ్డ మాట కడుపులో దాచుకునే అలవాటు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. విడో అంటే విధవ అని ఆ మాత్రం ఇంగ్లీషు నాకూ తెలుసు. మా పెద్దమ్మ విధవ. పెదనాన్న తాటిచెట్టు మీంచి పడి పోయాక పిల్లల్ని ఒంటి చేత్తో పెంచింది. ఏ స్కీములోనూ దాని పేరు రాలేదు. ఎక్స్ ఎమ్మెల్యేగారు విధవలకేదో స్కీము పెడుతుంటే, ఆ మేడమీదే టీ పెట్టే నేను దానికి చెప్పకపోతే ఎవరు చెబుతారు? అయినా నా అంతట నేను ఊహించుకుని చెప్పలేదు. పద్ధతిగా మాస్టార్నే అడిగాను.

“ఏవండీ, ఆ స్కీములో విధవలు కూడా ఉన్నారాండీ?”

ఆయన తెర మీంచి తల తిప్పలేదు. “ఉన్నారమ్మా. చాలామంది ఉన్నారు.”

“వాళ్ళకేం ఉండాలండీ?”

“పేరు, ఊరు, పుట్టిన తేదీ. ఎవరికైనా అంతే.”

“అన్నీ ఉంటేనండీ?”

“పచ్చ టిక్కు పడుతుంది. సరాసరి పైకి పంపేస్తాం.”

“ఎప్పటిలోగా అండీ?”

“శుక్రవారం ఆఖరు” అన్నారాయన. అని పెద్ద నిట్టూర్పు విడిచారు. ఎంత మంచి మనిషి, విధవల కోసం ఎంత బాధపడిపోతున్నాడు అనుకున్నాను. (నవ్వకుండా కొట్టు బుజ్జీ. నీ అత్త అప్పుడు పంతొమ్మిదేళ్ళ పిల్ల.)

ఆ సాయంత్రం పెద్దమ్మకి చెప్పాను. చెప్పింది ఇంతే: పేరు, ఊరు, పుట్టిన తేదీ చెబితే పైకి పంపుతారు, శుక్రవారం ఆఖరు. “ఏవిస్తారే?” అంది. “అది చెప్పలేదు” అన్నాను. “చెప్పలేదంటే పెద్దదే అయ్యుంటుంది” అని పక్కింటావిడ అంది. గురువారం పొద్దున్నకల్లా అది కుట్టుమిషను అయిపోయింది. గురువారం సాయంత్రం తిరుగు బస్సులో కండక్టరుగారు నాకే చెప్పారు: “మీ ఊళ్ళో ఎవరైనా విధవలుంటే అమలాపురం పంపమ్మా, ఎక్స్ ఎమ్మెల్యేగారు మోటారు మిషన్లిస్తున్నారంట!” నేను “ఆయ్” అన్నాను. మోటారు సంగతి నాకూ కొత్తే.

శుక్రవారం పదకొండింటి టీకి పాలు పొయ్యి మీద పెట్టి, మెట్ల వైపు ఎందుకో చూశాను. కింద బట్టలకొట్టు గుమ్మం నుంచి మా మేడ గుమ్మం దాకా మెట్టుకి ఇద్దరు చొప్పున ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. అందరి చేతుల్లోనూ ప్లాస్టిక్ సంచులు. సంచుల్లో రేషను కార్డు జిరాక్సులు, పాసుపోర్టు ఫొటోలు, డెత్ సర్టిఫికెట్లు. అందరికన్నా పై మెట్టు మీద మా పెద్దమ్మ, మెడలో తువ్వాలుతో, వరసకి తనే మేస్త్రీ అయినట్టు. “వెనకాల వాళ్ళు తొయ్యకండి! అందరివీ రాస్తారు! మా అమ్మాయి ఇక్కడే పని చేత్తంది!” నన్ను చూసి చెయ్యి ఊపింది. నా వెనక పొయ్యి మీద పాలు పొంగిపోయాయి.

అద్దాల మాస్టారు బయటికొచ్చి, “ఎవరమ్మా మీరంతా?” అన్నారు.

“విధవలం బాబూ” అన్నారు ముప్పై గొంతుకలతో.

ఆయన ఇంకో మాట అడిగేలోపు కింద కారు ఆగింది. టై బాబు దిగాడు. తెల్ల చొక్కా, మెరిసే బూట్లు, మెడలో ఎర్ర టై. మెట్ల మీద తలలన్నీ అటు తిరిగాయి. తరవాత మా పెద్దమ్మ కేక: “ఎక్స్ ఎమ్మెల్యేగారు వచ్చేరు!” అంతే. అందరూ ఒక్కసారి లేచి చేతులు జోడించారు. కొందరు కాళ్ళ మీద పడబోయారు.

“నేను కాదండీ! నేను ఎమ్మెల్యేని కాదు!” అంటున్నాడు పాపం.

“ఇప్పుడు కాదులెండి బాబూ, మాకు తెలీదా? పదవి పోయినా మా గుండెల్లో మీరే.”

ఆ మెట్లెక్కి పైకి రావడానికి ఆయనకి పావుగంట పట్టింది. వచ్చేసరికి టై వీపు మీదికి వెళ్ళిపోయింది. “ఏమిటిదంతా?” అని మాస్టారి మీద విరుచుకుపడ్డాడు. మాస్టారికేమీ తెలియదు. తెలిసిన మనిషిని నేను, వంటగది తలుపు వెనక నిలబడి కొంగు నోట్లో కుక్కుకుంటున్నాను. మాస్టారు స్వతహాగా ఎవరినీ పొమ్మనలేని మనిషి. “ముందు వీళ్ళ వివరాలు రాసుకో, తరవాత సంగతి తరవాత చూద్దాం, పెద్దవాళ్ళని ఎండలో నిలబెట్టకూడదు” అని టపటపని గుమ్మం దగ్గర కుర్చీ వేసి కూర్చోబెట్టారు.

టపటప చెయ్యి ఎంత వేగమో నోరూ అంత వేగం.

“పేరు?” అంది. మా పెద్దమ్మ చెప్పింది. “ఊరు?” చెప్పింది. “భర్త?”

“పోయేరమ్మా.”

“విడో. అయితే భర్త పేరు అక్కర్లేదు. నెక్స్టు!”

“ఏటీ?” అంది పెద్దమ్మ. దాని గొంతు ముందు నాది కోయిల. “అక్కర్లేదా? ఏటమ్మా అక్కర్లేదూ? పద్నాలుగేళ్ళు కాపరం చేసేను. నా పిల్లలకి ఇంటిపేరిచ్చిన మనిషి. చెట్టు మీంచి పడి మనిషి పోయేడు గాని పేరు కూడా పోయిందా? విధవ అని రాసుకుని మొగుడి పేరు రాయకపోతే, మరి నేనెవరి విధవనే?”

మెట్లన్నీ “అద్దీ! అలా అడుగు!” అన్నాయి. టై బాబు చెవులు మూసుకున్నాడు. అద్దాల మాస్టారు మాత్రం ఉన్నచోటే కొయ్యబారిపోయారు.

“భర్త పేరు అక్కర్లేదని నీకెవరు చెప్పేరు?” అని టపటపని అడిగారు, చాలా నెమ్మదిగా.

“మీ స్కీమాయే చెప్పిందండి” అంది అది, ఏడుపు మొహంతో. “చావుల పుస్తకంలో ప్రతి విడో పక్కనా ఫలానా ఆయన భార్య అని ఉంటదండి. ఆ పేరు కొడితే ఎర్ర గీతొస్తందండి. తీసేస్తే పచ్చ టిక్కండి. అందుకని విడో వస్తే అందరం మొగుడి పేరు తీసేస్తన్నావండి.”

మాస్టారు పరుగెత్తుకెళ్ళి తెర ముందు కూర్చున్నారు. నేను టీ వంకతో వెనక్కి చేరాను. ఆయన తను రాసిన షరతు మీద వేలు పెట్టి, నాకు చెబుతున్నట్టే చెప్పారు: “పెళ్ళయిందని ఉంటే పేరుండాలి. లేకపోతే ఉండకూడదు. ఇదీ నేను రాసింది. లేకపోతే అంటే పెళ్ళి కానివాళ్ళే అనుకున్నాను. పెళ్ళయ్యి, ఆ మనిషి లేకపోతే? వీళ్ళందరూ ఆ ‘లేకపోతే’లో పడిపోయేరు. మొగుళ్ళందర్నీ రెండోసారి చంపేను నేను.”

ఇద్దరినే లెక్కపెట్టిన షరతులోకి మూడో మనిషి వస్తే ఎటు పోవాలి? పెళ్ళి కానివాళ్ళ వరసలో నిలబెట్టి పేరు కొట్టేసింది ఆ కంప్యూటరు. దానికేం తెలుసు, దానికి పెళ్ళా, చావా? మాస్టారు షరతుని మూడు ముక్కలు చేసి రాశారు. పెళ్ళయిందని ఉంటే పేరుండాలి. పెళ్ళి కాలేదని ఉంటే ఉండకూడదు. విధవ అని ఉంటే, ఉండి తీరాలి. రాసి ఒక మీట నొక్కారు. అంతవరకూ పచ్చగా కళకళలాడుతున్న చావుల పుస్తకం మొత్తం వాకిట్లో మిరపకాయలు ఆరబోసినట్టు ఎర్రబడిపోయింది. ఆ ఎరుపు చూసి అందరూ భయపడ్డారు. మాస్టారొక్కరే నవ్వారు. “పోయిన పేర్లన్నీ ఇవే” అన్నారు.

సాయంత్రం ఆరింటి దాకా లోపలి అమ్మాయిలెవరూ తల ఎత్తలేదు. ఫొటో చూడటం, మొగుడి పేరు వెతకడం, విధవ పక్కన పెట్టడం. ఒక్కో పేరు పెట్టగానే ఒక్కో ఎర్ర గీత ఆరిపోయేది. మెట్ల మీద ఆడవాళ్ళు కదలలేదు. “మా పేర్లు రాస్తన్నారు” అని ఒకరికొకరు చెప్పుకుంటూ నేను పోసిన టీలు తాగారు. గుమ్మం దగ్గర టపటప ఈసారి బుద్ధిగా మొగుళ్ళ పేర్లు అడగడం మొదలుపెట్టింది. అక్కడ ఇంకో చిక్కొచ్చింది.

“మీ ఆయన పేరు చెప్పండి పెద్దమ్మగారూ.”

“చీ! పెనిమిటి పేరు నోటితో అంటారా ఎక్కడైనా?”

“ఇందాక అంత గొడవ చేసేరు, రాయలేదని!”

“రాయమన్నాను గాని అంటానన్నానా? నేను చెబుతాను, నువ్వు కనిపెట్టు. అబద్ధం కానిది.”

“నిజం?”

“కొంచెం పెద్ద మాట.”

“సత్యమా?” అన్నాడు టై బాబు, కుర్చీలోంచి.

“ఆయ్! చూసేరా, ఎంతైనా ఎమ్మెల్యే చేసినోరు!” అంది పెద్దమ్మ. ఆ రోజు టై బాబు అలా తొమ్మిది మంది మొగుళ్ళ పేర్లు విప్పాడు. టై విప్పి జేబులో పెట్టుకుని, ముందుకి వంగి, ‘పైన మెరిసేదా? రత్నమా?’ అని అడుగుతుంటే, మేడ మూయించడానికి వచ్చిన మనిషి ఇతనేనా అనిపించింది.

ఫైలు పైకి వెళ్ళింది. మళ్ళీ తిరిగి రాలేదు. మేడ నిలబడింది. నేను మాత్రం కుర్చీలు సర్దడం అయ్యాక మాస్టారి ముందుకెళ్ళి, “స్కీము సంగతి ఊళ్ళో చెప్పింది నేనేనండీ” అని భోరుమన్నాను. రేపట్నుంచి రావద్దంటారనే నిశ్చయించుకుని, టిఫిను క్యారేజీ కూడా కడిగి చేతిలో పట్టుకునే వెళ్ళాను. ఎక్స్ ఎమ్మెల్యే నుంచి మోటారు మిషను దాకా మొత్తం చెప్పాను. వింటూ వింటూ ఆయన బల్ల మీద తల పెట్టేసుకున్నారు. భుజాలు ఊగుతున్నాయి. ఏడుస్తున్నారనుకుని నేను ఇంకా గట్టిగా ఏడ్చాను. తీరా తల ఎత్తితే నవ్వు. అద్దాలు ముక్కు మీంచి జారి టీ గ్లాసులో పడ్డాయి. “నువ్వు తప్పు విని ఉండకపోతే నా తప్పు దొరికేది కాదు” అన్నారు. తరవాత నవ్వు ఆపి, మెట్ల వైపు చూసి, “కాని వాళ్ళని ఆశపెట్టి పంపేం కదా, అది బాగాలేదు” అన్నారు. శనివారం అమ్మాయిలందర్నీ కూర్చోబెట్టి, ఆ వచ్చిన వాళ్ళందరికీ నిజమైన వితంతు పింఛను కాగితాలు నింపించి, ఏ ఊరివి ఆ మండలాఫీసులో ఇచ్చేలా చూశారు. కొందరికి వచ్చింది. మా పెద్దమ్మకి రెండేళ్ళకి వచ్చింది. కుట్టుమిషను మాత్రం ఎవరికీ రాలేదు. “నా మోటారు మిషను ఆ టై కట్టుకున్నాయన మింగేసేడు” అని పెద్దమ్మ పోయే ముందు రోజు దాకా అంటూనే ఉంది. నేను ఎన్నిసార్లు చెప్పినా వినలేదు. నా చేత్తో నేను లేపిన పుకారు నా మాట వినలేదంటే అది న్యాయమే.

ఆ తరవాత కొన్నాళ్ళకి, ఒక నాలుగింటి టీకి, మాస్టారు మామూలుగానే “టీ ఉంటే?” అన్నారు. “బిస్కత్తు ఉండాలండీ” అన్నాను. “అద్దాల మాస్టారు ఉంటే?” అన్నారు. ఇది కొత్త ప్రశ్న. నేను పళ్ళెం పట్టుకుని నిలబడిపోయాను. “పక్కన ఎవరో ఒకరు ఉండాలి కదా, లేకపోతే ఎర్ర గీత కదా” అన్నారు, తెర వైపు చూస్తూనే, చెవులు రెండూ కందిపోయి. నేను “ఆయ్” అన్నాను. మా వైపు ఆయ్ అంటే ‘వింటున్నానండీ’ అని. ఆయనది మా వైపే, ఆ సంగతి ఆయనకీ తెలుసు. అయినా ‘సరే’ అన్నట్టే పట్టుకున్నారు. నేనూ దిద్దలేదు.

బీఎస్సీ చదివిన మనిషికి మూడో తరగతి పెళ్ళామేంటని ఊళ్ళో అన్నవాళ్ళు అన్నారు. ఆయన నాకు అక్షరాలు నేర్పాలని చాలా చూశారు. నా బుర్రకెక్కలేదు. కాని ‘ఉంటే, లేకపోతే’ ఆట మా ఇంట్లో ఒక్క రోజు ఆగలేదు. వాన ఉంటే, బజ్జీ ఉండాలి. చుట్టాలుంటే, పులస ఉండాలి. లేకపోతే, చింతకాయ పచ్చడితో సరిపెట్టుకోవాలి. అలకలుండేవి. అప్పుడు ఆయన వంటింటి గుమ్మంలో నిలబడి ఒక్క మాటే అడిగేవారు: “విధవ అని ఉంటే?” ఎంత కోపంలో ఉన్నా నాకు నవ్వొచ్చేది. “మొగుడి పేరు ఉండాలి” అనేదాన్ని. “లేకపోతే?” అనేవారు. “మనిషి లేకపోయినా పేరుండాలి” అనేదాన్ని. అప్పుడు మేమిద్దరం మెట్ల మీది ముప్పై మందిని తలుచుకుని నవ్వుకునేవాళ్ళం. ఆ మాట ఒకనాడు నా మీదికే వస్తుందని ఒక్కసారన్నా తట్టలేదు. నవ్వుకోవడానికి పెట్టుకున్న మాట అది.

మొన్న మా ఊరి సచివాలయంలో పింఛను కాగితం రాయించుకోవడానికి వెళితే, కంప్యూటరు ముందున్న అమ్మాయి “వితంతువా అండీ? భర్త పేరు చెప్పండి, అది లేకపోతే ముందుకెళ్ళదు” అంది. ఎర్ర గీత పడిందన్నమాట. నేను కుర్చీలో కూర్చుని ఒక్కదాన్నే నవ్వడం మొదలుపెట్టాను. ఆ అమ్మాయి భయపడి మంచినీళ్ళిచ్చింది. ఎవరు రాశారో గాని ఆ షరతు, మూడో మనిషిని మర్చిపోలేదు. ఏం జరుగుతున్నా చెవి అటు పడేసి, అరకొర విని, ఊరంతా చెప్పేసి, పాలు పొంగించేసిన ఆ పంతొమ్మిదేళ్ళ పిల్ల నాకు కళ్ళముందు కనపడింది. దాన్ని తిట్టాలనిపించలేదు. దాని చేతిలో పళ్ళెం ఉంది, పళ్ళెంలో బిస్కత్తు ఉంది. అది బాగానే ఉంది.

ఏవండీ, ఆసుపత్రిలో మీరడిగిన ‘లేకపోతే?’కి ఇదీ జవాబు. బిస్కత్తు లేకపోతే ఎర్ర గీత. మీరు లేకపోయినా పేరుండాలి. ఫ్లాస్కు మూత మంచం కిందుంది, తరవాత దొరికింది.

“మరి పేరు పెట్టనా అత్తా? మొత్తం మీద మామయ్య పేరు ఒక్కచోటా చెప్పలేదు నువ్వు” అంటోంది బుజ్జి. పెట్టవే, దానికోసమే కదా ఇంత చెప్పింది. “నాకు తెలీదు, నువ్వే చెప్పు” అంటోంది. సొంత మామయ్య పేరు తెలీదట, దొంగపిల్ల! సరే, కనిపెట్టు. కరెంటొస్తే ఇంట్లోకి వచ్చేది. వెలుగు కాదు, కొంచెం పెద్ద మాట. చివర రావు ఉంటుంది. ఆయ్, అదే. కొట్టేవా? రెండు పక్కలా కొక్కేలు పెట్టేవా? అయితే ఇంక మొదటినుంచీ చదివి వినిపించు. నెమ్మదిగా చదువు. ఆ పేరు దగ్గరికొచ్చినప్పుడు మాత్రం కొంచెం గట్టిగా చదువమ్మా. నేనెలాగూ అననుగా, వింటాను.